అన్న ఫొటో కింద కోటేశ్వరరావు

పల్నాడు జిల్లా ఏర్పడి నరసరావుపేటకు కలెక్టరు ఆఫీసు వచ్చిన తర్వాతి ఏడాది, జూన్ నెలలో, మా సంస్థకు ఒక ఇంటర్న్‌ను పంపించారు. ఆమెకు పని నేర్పే బాధ్యత నాకు అప్పగించారు. అప్పటికి నేను ఆ సంస్థలో కమ్యూనికేషన్స్ మేనేజర్‌ని. రిటైర్‌మెంటు దగ్గర పడింది. అంతకు ముందు చాలా ఏళ్లు ఒక పత్రికలో సబ్ ఎడిటర్‌గా చేశాను కనుక, ఇంకొకరి వాక్యాలు దిద్దడం తప్ప నాకు వేరే విద్య రాదు.

మాది ఆరోగ్యం మీద పనిచేసే స్వచ్ఛంద సంస్థ. క్వారీల చుట్టుపక్కల ఊళ్లలో టీబీ వచ్చినవాళ్ల చేత మందులు చివరిదాకా మింగించడం, జబ్బు తగ్గాక వాళ్లకు ఒంటికి సరిపడే చిన్న జీవనాధారం ఏదైనా చూపించడం మా పని. ఆ పని ఫీల్డ్ సిబ్బంది చేసేవారు, బాగా చేసేవారు. వాళ్లు చేసిన దాన్ని నలుగురికీ చెప్పడం నా పని.

లాభాపేక్ష లేని సంస్థకు మార్కెటింగ్ ఎందుకని చాలామంది అడిగారు. మా బంధువుల్లో కొందరు నేనేదో డబ్బా కొట్టే ఉద్యోగం చేశాననుకుంటారు. వాళ్లది పెద్ద తప్పేమీ కాదు. సబ్బుల కంపెనీవాడు సబ్బు చూపించి అమ్ముతాడు. మాకు చూపించడానికి మనుషులు తప్ప ఏమీ ఉండవు. ఎక్కడో నగరంలో ఉన్న దాతకు తన డబ్బు ఎవరికి చేరిందో ముఖంతో సహా చూపించాలి. దాన్ని మేం కేస్ స్టోరీ అంటాం. దానికొక అచ్చు ఉంది. మొదటి పేరాలో కష్టం, రెండో పేరాలో మా సంస్థ రాక, మూడో పేరాలో మార్పు, చివర లబ్ధిదారు నోటి మాట. ఆ నోటి మాట చాలాసార్లు ఆఫీసు కుర్చీలోనే తయారయ్యేది. గొర్రెలు కాసుకునే మనిషి ‘నా జీవితంలో నూతన అధ్యాయం ప్రారంభమైంది’ అన్నట్టు మా పుస్తకాల్లో ఉంటుంది. చదివి కళ్లు తుడుచుకున్న దాతలు కూడా ఉన్నారు.

పల్నాడులో ఈ ఉద్యోగానికి ఇంకో నిబంధన ఉండేది. అది ఏ మార్కెటింగ్ పాఠంలోనూ దొరకదు. మా పోస్టర్ల మీద, టోపీల మీద, ఆఖరికి మందులిచ్చే సంచుల మీద కూడా ఏ పార్టీ రంగూ ఉండకూడదు. ఒకసారి ప్రెస్సువాళ్లు చేతికి దొరికిన రంగుతో సంచులు అచ్చేస్తే, ఒక ఊళ్లో సగం మంది వాటిని ముట్టుకోలేదు. అప్పటినుంచి మా సామగ్రి అంతా మట్టిరంగులోనే ఉండేది. ఇక నాయకుల ఫొటోలు అసలే కూడవు. ఈ నిబంధనను మా డైరెక్టర్ గారే స్వయంగా రాశారు, ప్రతి కొత్త ఉద్యోగి చేతా చదివించేవారు.

ఆ వచ్చిన ఇంటర్న్ పేరు శిరీష. క్రోసూరు అమ్మాయి. గుంటూరులో బీబీఏ మార్కెటింగ్ చదువుతోంది. తండ్రి నాపరాళ్ల లారీ నడుపుతాడు. ఇంటర్న్‌షిప్ రెండు నెలలు. చివర్లో డైరెక్టర్ సంతకంతో సర్టిఫికెట్, పనితీరు పత్రం కాలేజీకి వెళితేనే ఆ సెమిస్టర్ గట్టెక్కినట్టు. వేరే విద్యార్థులు హైదరాబాదు కంపెనీల్లో చేరితే ఈ అమ్మాయి ఇంటికి దగ్గరని, హాస్టల్ ఖర్చు ఉండదని మా దగ్గరికి వచ్చింది.

మొదటి రోజు అలవాటు ప్రకారం మా పాత పుస్తకాలు చదవమని ఇచ్చాను. మధ్యాహ్నానికి వచ్చి, “ఏంది మేడం, ఇందులో అందరూ ఒక్కలాగే మాట్లాడతన్నారు? మా వైపు ఎవురూ ఇట్టా మాట్లాడరే!” అంది. కోపం రావలసింది, నవ్వొచ్చింది. అలాగైతే నువ్వే ఒకటి రాసి చూపించమని, మాచవరం మండలంలో ఒక ఊరి సెంటర్లో టీ కొట్టు పెట్టుకున్న కోటేశ్వరరావు దగ్గరికి పంపించాను.

కోటేశ్వరరావు నాపరాళ్ల క్వారీలో రాయి కోసే మిషను మీద పనిచేసి, దగ్గు ముదిరి, టీబీ అని తేలి, మందులన్నీ పూర్తిగా వాడి బాగుపడిన మనిషి. జబ్బు పోయినా ఊపిరితిత్తులు మునుపటిలా లేవనీ, దుమ్ములోకి మళ్లీ దిగవద్దనీ డాక్టరు గట్టిగా చెప్పాడు. అందుకని మా సంస్థ ఆయనకు బడ్డీ, స్టౌ, సామాను ఇప్పించింది. నాలుగు రోడ్లు కలిసే చోట కొట్టు. రాళ్ల లారీలు, బస్సు దిగేవాళ్లు, పొలం పోయేవాళ్లు అందరూ ఆగేవారు. అల్లం దంచి వేసిన టీ, పక్కన ఆయన భార్య మల్లేశ్వరి పొద్దునపూట వేసే దోసెలు. ఏడాది తిరక్కుండానే కొట్టు నిలదొక్కుకుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆయన జబ్బు ఆ ఊరికి తెలియనిది కాదు. ఆశా కార్యకర్త మందులిచ్చింది, ఇరుగుపొరుగు చూశారు. అయినా ఎవరూ ఆ పేరు ఎత్తలేదు. ఎవరు అడిగినా ‘క్వారీ దుమ్ము దగ్గు’ అనేవారు. తెలిసినా తెలియనట్టు ఉండడం ఊళ్లో ఒక మర్యాద. ఆ మర్యాద మీదే ఆ కొట్టు నడిచింది. మా సంస్థలో దీన్ని ‘అవగాహనా లోపం’ అనేవారు.

శిరీష రాసుకొచ్చిన కథ చదివి నేను పెన్ను కింద పెట్టాను. అందులో నూతన అధ్యాయాలేవీ లేవు. పాలు పొంగకుండా మూత ఎలా ఓరగా పెట్టాలో ఆయన చెప్పిన తీరు ఉంది. క్వారీలో తనతో పనిచేసినవాళ్లు ఇప్పుడు టీకి వచ్చి, ‘నువ్వు నీడపట్టున కూర్చున్నావురా కోటయ్యా’ అంటే ఆయన మురిసిపోయిన వైనం ఉంది. నేను కామాలు తప్ప ఏమీ మార్చలేదు.

మా పాలసీ ప్రకారం జబ్బు పేరుతో ఒకరి ఫొటో వేయాలంటే, ఎక్కడ వేస్తామో చెప్పి, విడిగా అనుమతి రాయించుకోవాలి. శిరీష అలాగే చేసింది. దాతలకు పంపే ఇంగ్లీషు పుస్తకంలో వేస్తామని చెప్పింది. “ఇంగిలీసు పుస్తకమా? అయితే మనోళ్లెవురు చదవొచ్చార్లే. ఏసుకోండి పాపా,” అని ఆయన సంతకం చేశాడు. తెల్ల చొక్కా వేసుకుని, టీ గిన్నె పట్టుకుని ఫొటో దిగాడు.

అక్కడితో ఆగి ఉంటే ఈ జ్ఞాపకం రాసే పని ఉండేది కాదు. దాతల బృందం పర్యటనకు వస్తోందని కబురొచ్చింది. మా డైరెక్టర్ గారు మంచి మాటకారి, ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి. ఆయనకు ఒక్కటే బలహీనత, విజిబిలిటీ. అంటే సంస్థ పేరు జనం కళ్లబడటం. దాతలు కారు దిగగానే మన పేరు కనపడాలన్నారు. శిరీష తీసిన ఫొటో చూసి, ఇదే సెంటర్లో పెద్ద ఫ్లెక్సీగా కట్టిద్దామన్నారు. పైన రాయవలసిన మాట కూడా ఆయనే ఖాయం చేశారు: ‘టీబీని జయించాడు మన కోటేశ్వరరావు!’

ఆ సమావేశంలో మేం ముగ్గురమే ఉన్నాం. ఇంటర్న్‌లు ఇలాంటి చోట మాట్లాడరు, నోట్సు రాసుకుంటారు. శిరీష రాసుకోవడం ఆపి, “టీ అమ్మే మనిషి బొమ్మ మీద టీబీ అని రాస్తే, ఇంక ఎవురు తాగుతారు సార్?” అంది.

“అదే కదమ్మా వివక్ష! దాన్ని బద్దలు కొట్టడానికే కదా మనం ఉన్నది,” అన్నారు డైరెక్టర్ గారు.

బద్దలు కొట్టేది మనం, దెబ్బ తగిలేది ఆయనకు అని నేనన్నాను. జబ్బు పేరు తీసేసి ‘కోటేశ్వరరావు టీ’ అని మాత్రం వేద్దామన్నాను. డైరెక్టర్ గారు నవ్వి, నేను ఇంకా పత్రికాఫీసు భయాల్లోనే ఉన్నానన్నారు. పాలసీ ప్రకారం కొత్తగా అనుమతి కావాలని గుర్తు చేస్తే, అక్కడికక్కడే కోటేశ్వరరావుకు ఫోను చేసి స్పీకరు పెట్టారు. “నా ఫొటో సెంటర్లో కడతారా సార్? నాదా?” అని ఆయన రెండుసార్లు అడిగాడు. ఆ గొంతులో సంతోషం ఇప్పటికీ నా చెవిలో ఉంది. పల్నాడులో ఫ్లెక్సీ మీదికి ఎక్కాలంటే నాయకుడైనా కావాలి, నాయకుడి వెనక తిరిగేవాడైనా కావాలి, లేదా చచ్చిపోవాలి. రాయి కోసేవాడిని బతికుండగా ఎక్కించిన ఫ్లెక్సీ ఆ సెంటర్లో అంతకు ముందు లేదు. ఆ మనిషి ఎందుకు వద్దంటాడు? ఏం రాస్తారని ఆయన అడగలేదు. డైరెక్టర్ గారు చెప్పనూ లేదు.

తర్వాతి చిక్కు స్థలం. సెంటర్లో ఫ్లెక్సీలు కట్టే ఇనప ఫ్రేములు పంచాయతీవి కావు. అక్కడి నాయకుడి మనుషులవి. ఆ నాయకుడిని చుట్టుపక్కల అందరూ ‘అన్న’ అనే అంటారు, నేనూ అలాగే అంటాను. అన్న తరఫున ఆ సెంటర్ వ్యవహారాలు చూసేది వెంకటేశ్వర్లు. అడిగితే మర్యాదగానే మాట్లాడాడు. “కట్టుకోండి మేడం, మంచి పనే గదా. కాకపోతే పైన అన్న ఫొటో ఉండాల. కింద మీరు ఎవుర్ని ఏసుకున్నా మాకు అభ్యంతరం లేదు,” అన్నాడు.

నేను ఊపిరి పీల్చుకున్నాను. నాయకుల ఫొటోలు కూడవన్న నిబంధన ఉంది కదా, ఫ్లెక్సీ గొడవ ఇంతటితో పోయిందనుకున్నాను. డైరెక్టర్ గారు మాత్రం దాన్ని ‘స్థానిక సహకారం’ అన్నారు. తాను రాసిన నిబంధనకు తానే పేరు మార్చారు. ముద్రణకు పోయే కాగితం మీద నా సంతకానికి చోటు ఖాళీగా వదిలేశాను. ఫ్లెక్సీ షాపువాడికి ఆ ఖాళీతో పనిలేదు. డైరెక్టర్ గారి ఫోను చాలింది.

ఫ్లెక్సీ లేచింది. పైన చేతులు జోడించిన అన్న, ఆయన కింద గుండ్రటి బిళ్లల్లో అనుచరులు, వాళ్ల కింద టీ గిన్నెతో కోటేశ్వరరావు, మూలన మా ముద్ర. సరిగ్గా కొట్టుకు ఎదురుగా. మల్లేశ్వరి దాని కింద నిలబడి ఫోనులో ఫొటోలు తీయించుకుంది. ఆ రాసిన మాట చూసి ఏమనుకున్నారని శిరీష అడిగితే కోటేశ్వరరావు, “జయించాడని ఉంది గదమ్మా, ఇంకేంది?” అన్నాడు. దాతలు వచ్చారు. ఆ కొట్టులోనే టీ తాగారు, తాగుతున్నట్టు ఫొటోలు తీసుకున్నారు, వెళ్లిపోయారు. పర్యటన విజయవంతమైందని నరసరావుపేట ఆఫీసులో స్వీట్లు పంచారు.

తర్వాత జరిగింది మాకు మొదట తెలిసింది శిరీష ఇంట్లోంచి. ఆదివారం క్రోసూరు వెళ్లిన అమ్మాయికి తండ్రి తన ధోరణిలో ఒక జాగ్రత్త చెప్పాడట. “ఆ సెంటర్లో టీ తాగమాకే అమ్మాయ్. ఆ కొట్టాయనకి టీబీ అంట. ఏకంగా ఫ్లెక్సీనే ఏశారు,” అని. ఆయన అంతకు ముందు లోడుతో వెళ్లినప్పుడల్లా అక్కడ ఆగేవాడు. మందులు పూర్తిగా వాడాక అంటదని శిరీష వివరంగా చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నాడు. “నువ్వు చెప్పేది నిజమేలే. అయినా పక్కన ఇంకో కొట్టు ఉందిగా,” అన్నాడట.

సోమవారం పొద్దున ఈ మాట చెబుతున్నప్పుడు శిరీష ముఖం చూడలేకపోయాను. మా శిక్షణల్లో అవగాహన పెంచితే ప్రవర్తన మారుతుందని చెప్పేవాళ్లం. ఆ లారీ డ్రైవరుకు అవగాహన వచ్చింది. పక్క కొట్టూ ఉంది.

ఆ రోజే ఆఫీసు జీపులో ఇద్దరం వెళ్లాం. టీలు గిరాకీగా పోవలసిన వేళ బడ్డీ ముందు ఒక్కడూ లేడు. గాజు గ్లాసులు బోర్లించి ఉన్నాయి. కోటేశ్వరరావు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. “మొదట గ్లాసొద్దు, పేపర్ కప్పులో పొయ్యమన్నారు, పోశా. తర్వాత పార్సిలన్నారు. ఇప్పుడు పలకరించి పోతన్నారు,” అన్నాడు. మల్లేశ్వరి మాత్రం లోపల్నుంచి, “ఆయన జబ్బు చేసి మంచాన పడ్డప్పుడు కూడా ఎవురూ మమ్మల్ని ఎడంగా పెట్టలా. బాగుపడ్డాక పెట్టిచ్చారమ్మా మీరు,” అంది. బడికి పోయే కుర్రాళ్లు ఆ కొట్టుకు ఒక పేరు కూడా పెట్టారు. అది నేనిక్కడ రాయను.

ఫ్లెక్సీ వెంటనే దించేద్దామని వెంకటేశ్వర్లు దగ్గరికి వెళ్లాం. నిచ్చెన ఒకటి, మనిషి ఒకడు ఉంటే అయిపోయే పని అనుకున్నాం. ఆయన కుర్చీలు వేయించి, మజ్జిగ తెప్పించి, కుదరదన్నాడు.

“మీ బొమ్మ సంగతి నాకెందుకు మేడం? అన్న బొమ్మ దించటానికి లేదు. ఎలక్షన్లు వస్తన్నాయి. ఇయ్యాల మనం దించితే, రేపు అవతలి పార్టీవోళ్లు ‘అన్న పని అయిపోయింది, ఫ్లెక్సీలు దించుకుంటన్నారు’ అని ఊరంతా తిరుగుతారు.”

పోనీ కింది సగం కోసి తీసేసుకుంటామని శిరీష అడిగింది. అప్పుడు ఆయన గొంతు మారింది. “అన్న ఫొటో ఉన్న ఫ్లెక్సీకి కత్తి పెడతావా చెల్లెమ్మా? తెలవక అన్నావు గాబట్టి ఊరుకుంటన్నా.” ఆ మాటలో బెదిరింపు కంటే నిజం ఎక్కువ. ఆ ప్రాంతంలో ఫ్లెక్సీ చిరిగితే ఎవరు చింపారన్న ప్రశ్నతో మొదలై కర్రల దాకా పోయిన గొడవలు ఉన్నాయి. మాకేమీ కాకపోవచ్చు. అనుమానం మాత్రం ఎదురుగా బడ్డీలో కూర్చున్నవాడి మీదికే పోతుంది.

అన్నతోనే ఒక మాట చెప్పించమని డైరెక్టర్ గారిని అడిగాను. ఈ చిన్న విషయానికి ఆయన్ని ఇబ్బంది పెట్టడం బాగుండదన్నారు. ఆయనతో సంస్థకు ఇంకా పనులున్నాయన్నారు. వానలు పడితే అదే వెలిసిపోతుందన్నారు. ఇంత చదువుకున్న మనిషి ఒకరి కూడు పోతుంటే రంగు వెలిసేదాకా ఆగమనడం విని నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మాటే అన్నాను. ఆయన నొచ్చుకున్నారు.

దారి కనిపెట్టింది శిరీష. ఫ్లెక్సీని దించకూడదు, కోయకూడదు. దాని మీద ఇంకొకటి కట్టకూడదని ఎవరూ అనలేదు కదా. జూలైలో అన్న పుట్టినరోజు ఉంది. ఆ అమ్మాయి సొంతంగా ఒక శుభాకాంక్షల ఫ్లెక్సీ తయారు చేసింది. అదే ఫ్రేము, అదే కొలత. అందులో అన్న బొమ్మ మునుపటికి రెట్టింపు. పాతదాంట్లో రెండో వరసలో బిళ్లంత ఉన్న వెంకటేశ్వర్లు, కొత్తదాంట్లో అన్న పక్కన నిలువెత్తున ఉన్నాడు. ఫోనులో ఆ డిజైను చూపించగానే ఆయన ఇంకో మాట అనకుండా తన మనుషుల్ని పిలిచి కట్టించాడు. కోటేశ్వరరావు, టీబీ, మా ముద్ర అన్నీ దాని కిందికి పోయాయి.

వినియోగదారుడికి ఏం కావాలో తెలుసుకో, అది ఇచ్చి నీ పని నెరవేర్చుకో. మార్కెటింగ్ పుస్తకాల్లో రాసేది ఇదే. నా మొత్తం ఉద్యోగంలో ఇంత శుభ్రంగా ఆ పని చేసిన మనిషిని నేను చూడలేదు. ఆ మాట శిరీషతో అన్నాను కూడా.

వెంకటేశ్వర్లు ఆనందం పట్టలేక మా సంస్థకు ధన్యవాదాలు చెబుతూ ఫొటోను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాడు. అది డైరెక్టర్ గారి ఫోనుకు చేరింది. శిరీషను పిలిపించి, సంస్థ రాజకీయ తటస్థతకు భంగం కలిగించావన్నారు. తన నిబంధన ఆయనకు ఆ రోజు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

“మరి ముందున్న దాంట్లో అన్న ఫొటో ఎవురేశారు సార్?” అంది శిరీష.

అది వేరే, అన్నారాయన. ఎలా వేరో చెప్పలేదు. పనితీరు పత్రంలో ‘సంస్థ విలువలకు విరుద్ధమైన ప్రవర్తన’ అని రాసి, సర్టిఫికెట్ ఆపేశారు. నేను రెండుసార్లు వెళ్లి వాదించాను. నా సంతకంతో ఇస్తానన్నాను. కాలేజీకి సంస్థ అధిపతి సంతకమే కావాలట, వాళ్లూ ఒప్పుకోలేదు. ఆ అమ్మాయి సెమిస్టర్ పోయింది. వెళ్లేరోజు నాకు దండం పెట్టబోతే వద్దన్నాను. ఆ దండానికి తగిన పని ఆ ఆఫీసులో ఎవరమూ చేయలేదు. మరుసటి వేసవిలో గుంటూరులో ఒక విత్తనాల కంపెనీలో మళ్లీ ఇంటర్న్‌షిప్ చేసింది, ఇప్పుడు అక్కడే ఉద్యోగం. ఈ మధ్య ఫోను చేసినప్పుడు, “ఇక్కడ ప్యాకెట్టు మీద రైతు ఫొటో ఏసేముందు, ఎన్నాళ్లు ఏస్తారో, ఎప్పుడు తీసేస్తారో కూడా రాసిస్తారు మేడం,” అంది. లాభం కోసం పనిచేసేవాళ్లకు ఉన్న ఆ పద్ధతి మాకు లేకపోయింది.

ఫ్లెక్సీ కనుమరుగైంది గానీ టీ గిరాకీ తిరిగి రాలేదు. కట్టిన మాట మీద ఇంకో గుడ్డ కప్పవచ్చు, జనం నోట పడిన మాట మీద ఏం కప్పుతాం? దసరాదాకా కోటేశ్వరరావు పొద్దున్నే స్టౌ వెలిగిస్తూనే ఉన్నాడు. తర్వాత బడ్డీని సామానుతో సహా పక్క ఊరాయనకు అమ్మేశాడు. అదే బడ్డీ, అదే స్టౌ, అవే గ్లాసులు. కొత్తాయన కూర్చున్న వారంలోనే లారీలు మళ్లీ ఆగసాగాయి.

కోటేశ్వరరావు తిరిగి క్వారీకి వెళ్లాడు. రాయి కోసే మిషను మీదికే.

ఆ ఏడాది మా వార్షిక నివేదికలో ఆయన టీ గిన్నె పట్టుకున్న ఫొటో మొదట్లోనే వచ్చింది, విజయగాథగా. అది చాలదన్నట్టు, మరుసటి ఏడాదికి ‘టీబీ వివక్ష’ మీద కొత్త ప్రాజెక్టు రాస్తూ డైరెక్టర్ గారు నన్ను పిలిచి, కోటేశ్వరరావు కొట్టు పోయిన సంగతి మంచి కేస్ స్టోరీ అవుతుందన్నారు. సమాజం ఆయన పట్ల ఎంత క్రూరంగా ప్రవర్తించిందో హృదయాలకు హత్తుకునేలా రాయమన్నారు. ఆ ఫ్లెక్సీ ఎవరు కట్టించారో కూడా రాయాలా అని అడిగాను. నేను బాగా అలసిపోయినట్టున్నానని, సెలవు పెట్టుకోమని సలహా ఇచ్చారు. ఆ కథ నేను రాయలేదు. రాసేవాళ్లకు కొదవ లేదు, ఎవరో రాశారు. ప్రాజెక్టుకు నిధులు వచ్చాయి.

రిటైర్ అయ్యే ముందు ఒకసారి ఆ క్వారీకి వెళ్లాను. కెమెరా లేదు, కాగితాలు లేవు. కోటేశ్వరరావు ముక్కుకు తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు, కనుబొమలు తెల్లగా ఉన్నాయి. మిషను ఆపించి పక్కకు తీసుకెళ్లి, డాక్టరు ఏం చెప్పాడో మర్చిపోయారా, ఇంకేదైనా పని చూద్దాం రండి అన్నాను. నన్ను చూసి నవ్వాడు.

“మర్చిపోలేదు మేడం. ఇక్కడైతే నా చేత్తో ఇచ్చింది ఎవురూ తాగక్కర్లేదు గదా,” అని మళ్లీ మిషను దగ్గరికి వెళ్లిపోయాడు.

ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలు సలహా అడిగితే నేను చెప్పేది ఇది. ఫొటో తీయడానికి అనుమతి అడగండి. దాని పక్కన ఏం రాస్తారో చదివి వినిపించండి. ఆ తర్వాత, వద్దనుకున్న రోజున దాన్ని దించే అధికారం ఎవరి చేతిలో ఉంటుందో తేల్చుకోండి. అది ఆ ఫొటోలో ఉన్న మనిషి చేతిలో లేకపోతే, ఎంత మంచి కథైనా సరే, గోడకెక్కించకండి. కోటేశ్వరరావు విషయంలో ఆ మూడో ప్రశ్న మా ఆఫీసులో ఎవరికీ తట్టలేదు. నిరుడు వేసవి నుంచి ఆయనకు మళ్లీ దగ్గు మొదలైంది. ఈసారి మందులిస్తామని వెళ్లిన ఫీల్డ్ సిబ్బంది మా సంస్థ పేరు చెబితే మల్లేశ్వరి తలుపు తీయడం లేదట.